గొడుగు బాగు చేయించాలి

మధ్యాహ్నం రెండయింది. పడవ దిగాక ఇది నాలుగో పాత ఇల్లు. ఇంట్లో అందరూ "బుడిగి" అని పిలిచే పదేళ్ల పాప అందరికంటే ముందు లోపలికి దూరింది.

ఆ దీవిలోని పాత ఊరు చూడ్డానికి సెలవుల్లో జనం విరగబడతారు. సందుకు రెండు ఇళ్లు మ్యూజియంలే. ఇందాకటి ఇంట్లో నల్లబల్ల మీద పిల్లలెవరైనా రాయొచ్చన్నారు. కానీ బల్ల నిండా తమ్ముడే రాసేశాడు. పైగా "నత్తక్కా, లేటు!" అని వెక్కిరించాడు.

ఇక్కడా గోడకు చిన్న నల్లబల్ల ఉంది. దాని మీద వంకర అక్షరాలు: సబ్బు. కొవ్వొత్తులు. గొడుగు బాగు చేయించాలి.

"ఈసారి నేనే ఫస్ట్!"

బుడిగి కింది వరుసను అరచేత్తో తుడిచేసి, సుద్దముక్క అందుకుంది. అప్పుడు కనిపించింది, బల్ల పక్కన టీ గ్లాసు. ఇంకా పొగలు కక్కుతోంది.

మ్యూజియంలో టీ ఎవరు తాగుతారు?

బుడిగి చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. బయటి నుంచి అమ్మ కేక వినిపించింది. "ఎక్కడున్నావే? పడవ టైమవుతోంది!"

పరుగెత్తబోయింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

లోపలి గదిలోంచి ఒక తాత చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన చూపు నేరుగా బల్ల మీదికే వెళ్లింది.

"నేనే తుడిచానండీ. ఇదీ మ్యూజియమే అనుకున్నాను."

తాత మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "మా ఆవిడ రాసిందమ్మా. తను పోయి ఏడాదయింది. నేను చెరపలేదు."

బుడిగి చేతిలోని సుద్దముక్క చూపించింది. "మళ్లీ రాసేదా?"

"రాస్తే అది నీ రాత అవుతుంది కదా." కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. "తుడిచిన చోట ఏముందో చదివావా?" అని అడిగాడు.

"గొడుగు బాగు చేయించాలి."

తాత పెదవి కొద్దిగా కదిలింది. "ఎన్నిసార్లు పోరిందో! నేను వింటేగా."

ఇంతలో అమ్మ వచ్చింది. సంగతి తెలిసి, "పెద్ద తప్పు జరిగింది, ఏమీ అనుకోకండి" అంది. తాత తలూపాడు. చూపు మాత్రం ఆ ఖాళీ చోటు మీదే ఉంది. బుడిగి అది చూసింది.

వాళ్లు గడప దాటారో లేదో, ఇద్దరు టూరిస్టులు ఫోన్లు పైకెత్తి లోపలికి రాబోయారు. బుడిగి చేతులు చాపి అడ్డం నిలబడింది.

"ఇది ఇల్లండీ. లోపల తాతగారు ఉన్నారు. ముందు పిలవండి."

వాళ్లు తడబడి వెనక్కి తగ్గారు. సందు మలుపులో ఇంకో గుంపు కనిపించింది.

"పద తల్లీ" అన్నాడు బయట తమ్ముడితో నిలబడి ఉన్న నాన్న.

"రెండు నిమిషాలు నాన్నా. వీళ్లక్కూడా చెప్పేసి వస్తాను."