పేరు పెట్టి పిలిస్తే

మధ్యాహ్నం మూడింటికే అరకు కొండల మీద మంచు దిగింది. యూనివర్సిటీ వాళ్ల కాఫీ తోటలో పళ్లు కోసే ఆడవాళ్లు బుట్టలెత్తుకుని గబగబా వెళ్లిపోయారు. మిగిలింది ముగ్గురే. తోట చూసుకునే ఉద్యోగి స్వర్ణ, పళ్లు కోసే ముసలి అచ్చియమ్మ, విశాఖ నుంచి వచ్చిన కృపావతి మేడమ్.

మూడు నెలలుగా ఎవరో దొంగ ఖాతా పెట్టి ఫోన్లలో స్వర్ణ మీద బురద చల్లుతున్నారు. మార్చిన ఫొటోలు, చదవలేని బూతులు. ఇలాంటి వేధింపులు పడే ఉద్యోగులకు అండగా ఉండమని యూనివర్సిటీ పెట్టిన మనిషే కృపావతి. "జవాబివ్వకమ్మా. నేనున్నానుగా," అనేది. ఆ మాట పట్టుకునే స్వర్ణ ఇన్నాళ్లూ నాలుగు మెతుకులు తినగలిగింది. రెండేళ్ల క్రితం ఇదే ఉద్యోగంలో ఉన్న కనకకూ ఇలాగే అయింది. ఆమెకూ కృపావతే అండ. కనక ఒకరోజు మంచులోకి నడిచి వెళ్లింది. మళ్లీ రాలేదు.

ఆ పోస్టుల మీదే రేపు విచారణ. స్వర్ణ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలేది రేపే.

"విచారణ వద్దని సంతకం పెట్టెయ్. గొడవ పెరిగితే నీకే నష్టం. నా బ్యాగులో పెన్నుంది, తీసుకో," అంది కృపావతి.

స్వర్ణ బ్యాగు తెరిచింది. అప్పటిదాకా వాడుతున్నట్టుంది, ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద ఆ దొంగ ఖాతా. సగం రాసిన పోస్టు. పదిహేడో ఏట స్వర్ణ ఇల్లు వదిలి పారిపోయిన సంగతి... పోయిన వారం ఈ తోటలోనే, మేడమ్ ఒళ్లో తల పెట్టి ఏడుస్తూ చెప్పుకున్న సంగతి.

ఎందుకు మేడమ్ అని అడగబోయి తలెత్తింది. మంచు ఎంత చిక్కబడిందంటే, రెండడుగుల అవతలున్న మనిషి కనబడలేదు.

"కూ..." కింద నుంచి అచ్చియమ్మ కూత వేసింది. మంచులో కోతవాళ్లు అలాగే ఒకరినొకరు వెతుక్కుంటారు. పేరు పెట్టి పిలవరు. పేరు పెట్టి పిలిచేది మనిషి కాదని, దానికి పలకకూడదని అక్కడ అందరికీ తెలుసు.

స్వర్ణ కూత వేసింది.

"కూ..." ఇంకొకటి. పైనుంచి. పైన ఎవరూ లేరు. కుళ్లిన ఆకుల వాసన గుప్పుమంది.

అచ్చియమ్మ తడుముకుంటూ వచ్చి స్వర్ణ మణికట్టు పట్టుకుంది. "ఓ గుంటా, అది కనక గొంతే..."

"కృపావతి మేడమ్..." పైనుంచి పిలుపు. మెత్తగా.

"ఎవరే స్వర్ణా? పలకనా?" కృపావతి గొంతు మొదటిసారి బెదిరింది.

జవాబివ్వకండి. ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది. నేర్పిందీ ఆవిడే.

స్వర్ణ ఆ మాట మింగేసింది.

"ఆఁ... ఇక్కడున్నా!" అంది కృపావతి.

ఎండుటాకుల మీద అడుగులు... పైకి. రెండు జతల అడుగులు. తర్వాత ఏమీ లేదు.

మంచు విడిచాక ఊరంతా వెతికితే మేడమ్ చెప్పులు మాత్రం దొరికాయి. తోట ఆఫీసులో స్వర్ణ, మేడమ్ ఫోను గుప్పిట్లో బిగించుకుని కూర్చుంది. రేపటి సాక్ష్యం అదే. చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది.

అప్పుడు మోగింది ఆమె సొంత ఫోను. ఆ దొంగ ఖాతా నుంచే మెసేజి. మూడు నెలల్లో అన్ని బూతులు రాసింది గానీ, ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు.

"ఏటయ్యిందే?" అంది అచ్చియమ్మ.

స్వర్ణ తెర మీద మెసేజి చదివింది.

"స్వర్ణా... నేనున్నానుగా."