ఇటువైపు తలుపు

ఆ కారుని మొదటిసారి చూసినప్పుడు చిన్నికి ఒళ్లు మండిపోయింది. అక్కావాళ్లింట్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్న ఆమెకి అసలే డ్యూటీకి ఆలస్యం. బస్‌స్టాపు దాకా దింపుతానని బావ తన కొత్త కారు బయటికి తీస్తే, అపార్టుమెంటు గేటుకి సరిగ్గా అడ్డంగా అగ్గిపెట్టెంత పాత కారొకటి ఆగిపోయి ఉంది. బావ హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

కింద వాటాలోకి కొత్తగా వచ్చిన లిఫ్టు మెకానిక్ అందులోంచి దిగి, ఎవరైనా కాస్త తోస్తారా అని మర్యాదగానే అడిగాడు. బావది ఇస్త్రీ చొక్కా. తోయాల్సి వచ్చింది చిన్నికే.

కారు దగ్గుతూ కదిలింది. ఇది కారా, ఎవరైనా వేసిన శిక్షా అని అడిగేసింది చిన్ని, రొప్పుతూ.

"తోసినవాళ్లని నడిపిస్తే పాపం. ఆసుపత్రి నా దారిలోనే. ఎక్కండి," అన్నాడతను, ఆమె మెడలోని ఆసుపత్రి గుర్తింపు కార్డు చూసి.

అలా మొదలై, పొద్దున వెళ్లేటప్పుడూ సాయంత్రం వచ్చేటప్పుడూ రోజూ అలవాటైంది. ఆ కారు గుణగణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఏసీ వేస్తే ఫ్లైఓవర్ ఎక్కనని మొరాయిస్తుంది, కాబట్టి ఎక్కేముందు ఆపి, దిగేటప్పుడు వేసుకోవాలి. వాన పడితే నీళ్లు కారేది సరిగ్గా చిన్ని పాదం మీదే. అద్దం దించాలంటే చెయ్యి నొప్పి పుట్టేలా తిప్పాలి. అలాగని మంచి లేకపోలేదు. బావ కారు చోటు వెతుక్కుంటూ వీధంతా తిరుగుతుంటే, ఇది రెండు స్కూటర్ల మధ్య దూరిపోతుంది. గీత పడితే ఎవరికీ గుండె ఆగదు. ఏ మూల ఆగిపోయినా, దాన్ని బాగుచేయడం తెలిసినవాడు ఆ పక్క సందులోనే ఉంటాడు.

ఇంకో మంచి కూడా ఉందని ఒకరోజు సిగ్నల్ దగ్గర అతనే చెప్పాడు. ఈ కారుకి నెలనెలా కట్టేదేమీ లేదట. అందుకే సాయంత్రమయ్యాక ఎవరు డ్యూటీకి పిలిచినా రానని చెప్పగలడట. వాళ్ల నాన్న అప్పులు తీర్చడం కోసం రెండు డ్యూటీలు చేసేవాడు. ఆయన్ని నిద్రపోతుండగా చూడటమే తప్ప, ఆయనతో మాట్లాడింది పెద్దగా గుర్తులేదన్నాడు.

చిన్నిది ఆసుపత్రి మందుల కౌంటరు. పొద్దుట నుంచి నిలబడే పని. జనం చీటీ చూపిస్తారు, మందులు చూసుకుంటారు, చిల్లర చూసుకుంటారు. ఆమె మొహం చూసేవాళ్లు ఉండరు. సాయంత్రానికి కాళ్లు ఆమెవి కానట్టు ఉంటాయి. అలాంటిది ఇంటి ముందు కారు ఆగగానే అతను దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఇటువైపు తలుపు తీసి నిలబడేవాడు. మొదటిరోజు ఆమె హ్యాండిల్ మీద చెయ్యి వేయబోతే "ఉండండి, నేను తీస్తాను" అన్నాడు. అప్పటి నుంచి ఒక్కరోజూ తప్పలేదు. రోజు మొత్తంలో తనకంటూ ఎవరైనా చేసే పని అదొక్కటే అనిపించేది చిన్నికి.

పెళ్లి మాట ఎత్తి అక్క నిలదీసినప్పుడు ఆ సంగతే చెప్పింది. చేసుకుంటే అతన్నే చేసుకుంటానంది. అక్క కళ్లు చెమర్చాయి. బావ మాత్రం ఆ డబ్బాలో ఎయిర్‌బ్యాగులైనా లేవన్నాడు. మరదల్ని అలాంటి కారున్నవాడి చేతిలో ఎలా పెడతామని గొణిగాడు.

తర్వాత వారంలోనే బావ కొత్త కారు ఏదో పార్టు రాలేదని సర్వీసులో పడుకుంది. గతిలేక లిఫ్టు మెకానిక్ కారెక్కి ఆఫీసుకెళ్లిన బావ, సాయంత్రం పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఏమోయ్ మరదలా, ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. హ్యాండిల్ విరిగిపోయింది. నాక్కూడా దిగొచ్చి తీశాడు మీ పెద్దమనిషి."

చిన్నికి తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి బస్సెక్కింది. కారులో నీళ్లు కారుతున్నాయనా అని అతను అడిగితే, అదేం లేదు, బస్సు సౌకర్యంగా ఉందని చెప్పింది. బస్సులో ఒంటికాలి మీద నిలబడి వెళ్తూ తన తెలివితక్కువతనానికి తనని తానే తిట్టుకునేది. పాడైపోయిన తలుపుని చూసి ప్రేమనుకున్నందుకు ఏడుపొచ్చేది.

కొన్నాళ్లకి అక్క ఒక కబురు మోసుకొచ్చింది. అతను కొత్త కారు చూస్తున్నాడట, దాని కోసం రెండు డ్యూటీలకి మారిపోతున్నాడట. చిన్నికి ఆ రోజు పనిలో చెయ్యి ఆడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి లిఫ్టు ఆగిపోయి ఉంది. అతను దాని తలుపు ఊడదీసి కూర్చున్నాడు. అయిదో అంతస్తు దాకా మెట్లెక్కే ఓపిక లేక చిన్ని అక్కడే మెట్టు మీద కూలబడింది.

"కొత్త కారట?"

"పాతదాంట్లో మీరు ఎక్కడం మానేశారుగా," అన్నాడు అతను తల తిప్పకుండా.

"మానేసింది కారు వల్ల కాదు. తలుపు వల్ల." నటించే ఓపిక కూడా లేదామెకి. "మీరు నా కోసం దిగుతున్నారనుకున్నానండి. అక్కతో కూడా చెప్పుకున్నాను. హ్యాండిల్ విరిగిందని బావ నవ్వితే ప్రాణం చచ్చిపోయింది."

అతను స్పానర్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"విరిగిన మాట నిజం. కానీ పొద్దస్తమానం నేను చేసే పనే తలుపులు తెరుచుకునేలా చేయడం. ఆ ఒక్కటి బిగించుకోలేనా? కొత్త హ్యాండిల్ కొని సీటు కింద పడేసి ఎన్నాళ్లయిందో."

"మరెందుకు బిగించలేదు?"

"బిగిస్తే మీరే దిగి వెళ్లిపోతారుగా."

బావకి కూడా తీశారుగా అని అడిగింది చిన్ని. తీయకపోతే ఆయన అందులోనే కాపురం పెట్టేవారని అతనంటే నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కన్నీళ్లూ వచ్చాయి.

కారు నచ్చకే ఆమె దూరమవుతోందని అనుకున్నాడట అతను. రెండో డ్యూటీకి ఒప్పుకుంటున్నట్టు సూపర్‌వైజరుకి ఈ సాయంత్రమే చెప్పాలట.

"చెప్పకండి," అంది చిన్ని. "నాకు ఏసీ అక్కర్లేదు. కాలు తడిస్తే తుడుచుకుంటాను. పొద్దుగూకేసరికి ఇంటికొచ్చే మనిషి కావాలండి నాకు. మీరు కావాలి."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"సార్, ఆ డ్యూటీ కుదరదు. ఇంట్లో ఒప్పుకోవడం లేదు."

నీకు ఇంట్లో ఎవరున్నారయ్యా అని అవతలి గొంతు విసుగ్గా అడగడం చిన్నికి కూడా వినిపించింది. అతను ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఉన్నారు సార్," అన్నాడతను.