ఐదు గంటల అలారం

1978 నవంబరు 16. గురువారం. ఉదయం తొమ్మిదీ ఇరవై.

శాలిబండ వెనక సందులో మాణిక్యమ్మ కేక వేసింది.

ఆమె లాడ్ బజార్‌కు లక్క గాజులు అప్పజెప్పి అప్పుడే ఇంటికి వస్తోంది. పక్కింటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఆగయ్య బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పక్కనే అతని పెద్ద స్పానర్.

ఆగయ్య బస్సు డిపోలో మెకానిక్. వయసు ముప్ఫై నాలుగు. ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. భార్య రాహేలు నర్సు. ఏడు నెలల క్రితం మస్కట్ వెళ్ళింది. ముందు ఆమె వెళ్ళి ఉద్యోగంలో కుదురుకోవాలి. ఇద్దరూ ఉండటానికి ఇల్లు చూడాలి. ఇల్లు దొరికాక అతను వెళ్ళాలి. అదీ వాళ్ళ ఏర్పాటు.

గోడ అల్మారాలోని టైంపీస్ నేల మీద పడి ఉంది. అద్దం పగిలింది. ముళ్ళు ఏడూ ఐదు దగ్గర ఆగిపోయాయి.

హెడ్ కానిస్టేబుల్ రామలింగయ్య వచ్చేసరికి శవం మీద ఉతికిన చీర కప్పి ఉంది.

"ఎవరు ముట్టుకొమ్మన్నరు?" అని గద్దించాడు.

"ఈగలు ముసురుతున్నయి సారూ," అంది మాణిక్యమ్మ.

రామలింగయ్య కాగితాలు తీశాడు. పంచనామాలో చీర సంగతి రాయలేదు.

* * *

శుక్రవారం పదకొండున్నరకు క్రైమ్ బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్ వీరరాఘవరావు స్టేషన్‌కు వచ్చాడు. కాకినాడ వైపు మనిషి. హైదరాబాద్ వచ్చి పదిహేనేళ్ళయింది. గొంతు పెంచడు.

"కేసు ఒడిసిపోయింది సార్," అన్నాడు రామలింగయ్య. "అన్నే చంపిండు. మొగులయ్య. వడ్రంగి పని చేస్తడు. నిన్న పొద్దుగాల ఆరూ యాభైకి వచ్చి లొల్లి చేసిండు. ఏడూ పదికి తిట్టుకుంట పోయిండు. నల్ల కాడ నీళ్ళకొచ్చిన పదిమంది చూసిన్రు. గడియారం ఏడూ ఐదుకు ఆగింది. రేపు పదకొండింటికి కోర్టు."

"డాక్టర్ ఏమన్నాడు?"

"ఏడుకూ తొమ్మిదికీ నడుమ అన్నడు. మిగిలింది గడియారం చెప్పింది."

"ఆగయ్య చేతికి వాచీ ఉందా?"

"ఉన్నది. నడుస్తున్నది."

"డ్యూటీ ఎన్నింటికి?"

"రెండో షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి."

వీరరాఘవరావు టైంపీస్ చేతిలోకి తీసుకున్నాడు. పగిలిన అద్దంలోంచి చూశాడు. చిన్న అలారం ముల్లు ఐదు మీద ఉంది.

"మధ్యాహ్నం డ్యూటీ వాడు ఐదింటికి అలారం ఎందుకు పెట్టుకుంటాడు రామలింగయ్యా?"

"ఏమో సార్. చలికాలం గద. లేచి ఇంకో దుప్పటి కప్పుకుందామని కావచ్చు."

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. టైంపీస్ రుమాలులో చుట్టి పక్కన పెట్టాడు.

లాకప్‌లో మొగులయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు చాయ్ గ్లాసు. ఎవరో కానిస్టేబుల్ తెచ్చి పెట్టాడు. చల్లారి మీగడ కట్టింది.

"తమ్ముణ్ణి తిట్టావా?"

"తిట్టిన సార్. తిట్టుడు నిజం. పెండ్లాన్ని ఒక్కదాన్నే దేశం కాని దేశం పంపి, నువ్వు కూర వండుకుంట కూసున్నవని తిట్టిన. వాడు నవ్విండు. 'నువ్వు కుర్చీ చేసేటప్పుడు ముందుగాల కట్టె చూస్తవు గద అన్నా, ఆమె గట్లనే ఇల్లు చూస్తున్నది' అన్నడు."

"కొట్టావా?"

"చిన్నప్పుడు కొట్టిన. ఇప్పుడు కొట్టలే."

"ఇంకేమన్నాడు?"

మొగులయ్య ముఖం తుడుచుకున్నాడు. "బుధవారం మస్కట్ నుంచి ఉత్తరం వచ్చింది సార్. అది జేబుల పెట్టుకొని మాటిమాటికి తడుముకుంటున్నడు. 'నిన్న సాయంత్రం వైకుంఠాన్ని అడిగిన. పొద్దుగాల తొమ్మిదింటికల్లా జవాబు చెప్పకపోతే స్టేషన్‌కు పోత' అన్నడు. దేనికి జవాబురా అంటే చెప్పలే. 'ముందు తేలనీ అన్నా. ఉట్టిగనే ఒక తల్లి గుండె పగులుతది' అన్నడు."

"ఈ మాట హెడ్‌కు చెప్పావా?"

"చెప్పిన. వైకుంఠం ఆయన దోస్తు."

వెనక రామలింగయ్య గొంతు సవరించుకున్నాడు. "దోస్తు అని కాదు సార్. వైకుంఠం విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటు. మా స్టేషన్ ఎదురు హోటల్ల రోజూ చాయ్ తాగుతడు. నిన్న ఆరూ నలభై ఐదు నుంచి ఎనిమిదింటి దాక నా ముందటనే ఉన్నడు. ఏడూ ఐదుకు ఉస్మానియా బిస్కెట్ చాయ్‌ల ముంచుతున్నడు. నేనే సాక్షిని."

"ఎనిమిదికి లేచి ఎటు వెళ్ళాడు?"

"అది… అడగలే సార్."

* * *

మధ్యాహ్నం ఒకటింబావు. వైకుంఠం ఆఫీసు. గోడ నిండా విమానాల బొమ్మలున్న క్యాలెండర్లు.

"ఆయియే సాబ్. కూసోండి. ఆగయ్య మంచోడు. అన్న కోపిష్టి. ఏం జేస్తం."

"ఉత్తరం సంగతి అడగడానికి బుధవారం మీ దగ్గరకు వచ్చాడట."

"ఏ ఉత్తరం? నేను చూడలే. కళావతి ఎట్లున్నదని అడిగిండు. మంచిగున్నదన్న. పోయిండు."

"కళావతి ఎవరు?"

"మాణిక్యమ్మ బిడ్డ. నేనే పంపిన. ఆస్పత్రిల ఆయా పని. ఫికర్ లేదు సాబ్. మస్కట్‌ల మాకు మూడు ఇండ్లున్నయి, ఆడపిల్లలకు హాస్టల్ లెక్క."

"నిన్న ఎనిమిది తరువాత ఎక్కడున్నారు?"

"ఈడనే. ఆఫీసుల."

ఇన్‌స్పెక్టర్ బయటకు వచ్చాడు. ఎదురుగా పాన్ డబ్బా. ఆ డబ్బా మనిషిని అడిగాడు.

"నిన్న ఈ షట్టర్ ఎన్నింటికి తీశారు?"

"తొమ్మిదిన్నరకు సాబ్. తీయంగనే జర్దా పాన్ అడిగిండు. సున్నం అంగీ మీద పడ్డది."

* * *

మూడింటికి వీరరాఘవరావు ఆగయ్య ఇంట్లో ఉన్నాడు. నేల కడిగి ఉంది. పంచనామా అయ్యాక మాణిక్యమ్మే కడిగింది.

"రేపు రాహేలు వస్తది సారూ. నెత్తురు చూడొద్దని," అంది.

అల్మారాలో రాహేలు ఫోటో. టైంపీస్ ఉన్న చోట దుమ్ము లేని గుండ్రటి మచ్చ. పక్కన బైబిల్. బైబిల్ మధ్య ఉత్తరాలు. ఆయన వాటిని ఒక్కొక్కటే చదివాడు.

'ఒకటో ఇల్లు. గది పెద్దదే. కిటికీ లేదు. నువ్వు ఉండలేవు.'

'రెండో ఇల్లు. నీళ్ళు లారీలో వస్తాయి. మూడో అంతస్తు దాకా మొయ్యాలి. నీ నడుము నొప్పి ఎట్లా ఉంది?'

'మూడో ఇల్లు. సముద్రం కనిపిస్తుంది. ఒక్క ఆడమనిషికి ఇవ్వం అన్నారు. నీ ఫోటో చూపించాను. ఫోటోకు కూడా ఇవ్వం అన్నారు.'

'నాలుగో ఇల్లు. వెనక రేగుచెట్టు, దానికి కట్టేసిన మేక. చెట్టు మనది, మేక ఇంటాయనది. నువ్వు నవ్వుతావని రాస్తున్నాను.'

ఐదో కవరు ఖాళీగా ఉంది. లోపల ఉత్తరం లేదు.

"అమ్మా, ఆగయ్య రోజూ ఎన్నింటికి లేచేవాడు?"

"ఆరున్నరకు సారూ."

"ఎలా తెలుసు?"

"గడియారం మోగుతది గద. మాకు ఇద్దరికీ ఒకటే గోడ. అది మోగితే నేను బిందె పట్టుకొని నల్ల కాడికి పోత. సరిగ్గ అప్పుడే నీళ్ళు వస్తయి. ఈ పొద్దు మోగలే. నాకు నీళ్ళు దొరకలే."

వీరరాఘవరావు చేతిలోని కవరు కింద పెట్టాడు.

"ఆరున్నరకా? ఐదింటికి కాదూ?"

"ఐదింటికి లేస్తె ఏం జేస్తం సారూ? నల్లకు ఏమన్న కథలు చెప్తమా?"

"ఎన్నాళ్ళ నుంచి మోగుతోంది?"

"రాహేలు పోయినప్పటి నుంచి."

ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"మీ అమ్మాయి ఉత్తరాలు రాస్తుందా?"

మాణిక్యమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "నాలుగు నెలలాయె. రాయలే. మంచిగున్నదని వైకుంఠం సారు చెప్తడు."

ఐదూ పదికి ఇన్‌స్పెక్టర్ తంతి కార్యాలయంలో ఉన్నాడు. గుమాస్తాను రెండు విషయాలు అడిగాడు. ఒకటి అతను నోటితో చెప్పాడు. రెండోది కాగితం మీద కాపీ చేసి ముద్ర వేసి ఇచ్చాడు.

* * *

శనివారం. తొమ్మిదిన్నర. కోర్టుకు ఇంకా గంటన్నర.

రాహేలు బొంబాయి నుంచి విమానంలో వచ్చింది. వాళ్ళ చర్చి పాస్టర్ ఇచ్చిన తంతి గురువారమే అందిందట. రెండు రాత్రులు నిద్రలేని కళ్ళు. మార్చురీ నుంచి తిన్నగా ఇంటికి తీసుకువచ్చారు. గదిలో మాణిక్యమ్మ, వైకుంఠం, రామలింగయ్య. బేడీలతో మొగులయ్య.

రాహేలు అతని వైపు చూసింది. "బావా, నువ్వేనా?"

"నీ మీద ఒట్టు బిడ్డా. కాదు."

"రాహేలమ్మా," అన్నాడు వీరరాఘవరావు, "అక్కడ మీరు రోజూ ఎన్నింటికి లేచేవారు?"

"ఐదింటికి సార్. ఆరింటికి డ్యూటీ."

"ఆగయ్య?"

ఆమె అల్మారా వైపు చూసింది. "ఆయన కూడ ఐదింటికే. అక్కడి ఐదింటికి. పోయేటప్పుడు అనుకున్నం సార్, రోజు ఒకటే గడియల ప్రార్థన చేసుకోవాలని. నా టైం పెట్టుకున్నడు గడియారంల. దాని మొకం చూస్తె నేనేం జేస్తున్ననో తెలుస్తదట."

వీరరాఘవరావు రుమాలులోంచి టైంపీస్ బయటకు తీశాడు.

"మస్కట్‌లో ఐదయితే మనకు ఆరున్నర," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తంతి గుమాస్తా చెప్పాడు. ఈ టైంపీస్ మన కంటే గంటన్నర వెనక. ఏడూ ఐదు దగ్గర ఆగిందంటే ఇక్కడ ఎనిమిదీ ముప్ఫై ఐదు. అప్పటికి మొగులయ్య వెళ్ళిపోయి గంటా ఇరవై ఐదు నిమిషాలయింది. మొగులయ్యా, ఎనిమిదిన్నరకు ఎక్కడున్నావు?"

"హుస్సేనీ ఆలంల, మేస్త్రీ దగ్గర సార్. ఎనిమిదింటికే పనిల దిగిన. ఎవరూ అడగలే."

"నీ మేస్త్రీ ఎవరో కనుక్కుని ఈ ఉదయమే అడిగాను. నిజమే." ఆయన తిరిగాడు. "వైకుంఠంగారూ, ఎనిమిదీ ముప్ఫై ఐదుకు మీరెక్కడ?"

"చెప్పిన గద సాబ్. ఆఫీసుల."

"షట్టర్ తీసింది తొమ్మిదిన్నరకు."

"తాళంచెవి మరిచిపోయిన. ఇంటికి పోయి వచ్చిన."

"సరే. రాహేలమ్మా, ఐదో ఇల్లు ఎక్కడ చూశారు?"

రాహేలు మాణిక్యమ్మ వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"మస్కట్ పక్కన మత్రా అనే పేటల. చేపల మార్కెట్ వెనక. కింది భాగం కిరాయికి ఉన్నదంటే పోయిన. పైన కిటికీ ఊచల నడుమ నుంచి కళావతి పిలిచింది. 'అక్కా, పాస్‌పోర్టు గుంజుకున్నరు. బయట తాళం వేస్తరు. కొడుతున్నరు' అన్నది. నేను ఆస్పత్రిల చెప్పిన. మాకెందుకన్నరు. అందుకే ఆయనకు రాసిన, వైకుంఠాన్ని నిలదీయి, పోలీసులకు చెప్పు అని."

మాణిక్యమ్మ గోడ పట్టుకుని కిందికి జారింది.

"వైకుంఠంగారూ, ఆ ఉత్తరం మీరు చూడలేదన్నారు."

"చూడలే."

"బుధవారం ఆగయ్య మీకు ఆ ఇల్లు ఎక్కడో చెప్పాడా?"

"ఏ ఇల్లు? ఉత్త కళావతి గురించి అడిగిండు. గంతే."

"మస్కట్‌లో మీకు మూడు ఇళ్ళున్నాయి. రాహేలమ్మ ఏ ఇల్లు చూసిందో ఆ ఉత్తరంలో తప్ప ఎక్కడా లేదు. గురువారం ఏడూ పదికి ఉత్తరం ఆగయ్య జేబులో ఉంది. మొగులయ్య చూశాడు. శవం దొరికేసరికి లేదు." ఆయన జేబులోంచి ముద్ర వేసిన కాగితం తీశాడు. "ఇది గురువారం తొమ్మిదీ ఐదుకు మీరు మస్కట్‌కు ఇచ్చిన తంతి. మీ సంతకం ఉంది. 'ఫిష్ మార్కెట్ హౌస్ వెకేట్. షిఫ్ట్ గర్ల్ టుడే.' అంటే పిల్లను ఇవాళే అక్కణ్ణుంచి మార్చేయమని. ఉత్తరం చదవకుండా చేపల మార్కెట్ ఇల్లే ఖాళీ చేయాలని ఎలా తెలిసింది?"

వైకుంఠం తలుపు వైపు చూశాడు. అక్కడ రామలింగయ్య నిలబడ్డాడు.

"నీతోని చాయ్ తాగినరా నేను," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "నా నోటి సాక్ష్యంతోనే తప్పించుకుందామనుకున్నవు."

"ఉత్తరం ఇయ్యమని అడిగిన," అన్నాడు వైకుంఠం నేల చూస్తూ. "ఇయ్యలే. తొమ్మిది కొట్టంగనే స్టేషన్‌కు పోతనంటడు. వాచీ చూసుకుంట అంగీ తొడుక్కుంటున్నడు. స్పానర్ చేతికి దొరికింది. వాడు పడంగ గడియారం కూడ కింద పడ్డది. ఉత్తరం కాలవెట్టిన."

రామలింగయ్య మొగులయ్య చేతుల బేడీలు విప్పి వైకుంఠానికి వేశాడు. మొగులయ్య మణికట్టు రుద్దుకున్నాడు. తరువాత నెమ్మదిగా వంగి మాణిక్యమ్మను లేపాడు.

* * *

పదమూడు రోజుల తరువాత. ఉదయం ఆరూ ఇరవై ఐదు.

వీరరాఘవరావు సందు మొదట్లో జీపు దిగాడు. చేతిలో రాహేలు రాసిన నాలుగు ఉత్తరాలు. కేసుకు అక్కర్లేనివి. టైంపీస్ మాత్రం కోర్టులో ఉంది. ఎగ్జిబిట్ నంబరు రెండు.

ఇంకో కాగితం ఉంది. రాత్రి అందిన టెలెక్స్. మస్కట్‌లోని మన రాయబార కార్యాలయం నుంచి.

నల్లా కింద ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. మాణిక్యమ్మ బిందె లేదు. ఆమె తలుపు మూసి ఉంది. పక్కింటి తలుపు తెరిచే ఉంది. రాహేలు అల్మారా ముందు మోకాళ్ళ మీద ఉంది. ఆయన గుమ్మం బయటే ఆగాడు.

ఆమె లేచింది. గోడ దగ్గరకు వెళ్ళింది. మూడుసార్లు తట్టింది.

"అత్తా, లే! నల్ల వచ్చే టైమైంది."

పక్క తలుపు తెరుచుకుంది. మాణిక్యమ్మ బిందె చంకన పెట్టుకుని బయటకు వచ్చింది. ఎదురుగా పోలీసు.

"నా బిడ్డ ఉన్నదా సారూ?"

"ఉందమ్మా. పక్క ఊళ్ళో దాచారు. దొరికింది. చెయ్యి విరిగింది. ప్రాణానికి భయం లేదు. వచ్చే వారం వస్తుంది."

మాణిక్యమ్మ ఉన్నచోటనే కూలబడింది. నల్లా బుసకొట్టి ధార కట్టింది. వరసలో వాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు. నీళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు.

రాహేలు వచ్చి ఆమె చంకలోంచి బిందె తీసుకుంది. వరసలో అందరికంటే ముందు దాన్ని ధార కింద పెట్టింది.