విరాళానికి ఫ్రీ సర్వీసు

“సాయం చేస్తే కూడా సంజాయిషీ చెప్పుకోవాలా?” అంటూ ఆ మెకానిక్ తన గదిలోకి వచ్చిన తీరుకే అకౌంటెంటమ్మకు ఒళ్ళు మండింది. బయట వాన. అతని చెప్పుల బురదంతా గదిలోనే. గ్రీజు చేతులతోనే కుర్చీ లాక్కున్నాడు.

గ్యారేజీలో అతన్ని స్పానర్ అంటారు. జాక్ జారి వాళ్ళ హెడ్ మెకానిక్ చెయ్యి నలిగిపోయింది. ఆపరేషన్ చేయకపోతే వేళ్ళు మడవలేడు. వేళ్ళు మడవలేని మెకానిక్‌కు కూడెవరు పెడతారు? యజమాని పెట్టడు. అందుకే స్పానర్ ఊరంతా తిరిగి చందా పోగుచేశాడు. అదంతా తన అకౌంటులోనే వేయించుకున్నాడు. ఇంత డబ్బు ఎక్కడిదని పన్ను ఆఫీసు ఇప్పుడతన్ని అడుగుతోంది. జవాబు కుదరకపోతే అందులో కొంత పన్నుకు పోతుంది, ఆపరేషన్ ఆగుతుంది.

ఆమె అడగడం మొదలుపెట్టింది. ఎవరి కోసం? అన్న కోసం, అంటే మా హెడ్ మెకానిక్ కోసం. మరి ఆయన అకౌంటులో ఎందుకు వేయించలేదు? అన్నకు అకౌంటే లేదు, జీతం చేతికే ఇస్తారు. ఇచ్చిందెవరు? ట్యాక్సీ వాళ్ళు, బేకరీ ఆయన, దారిన పోయేవాళ్ళు. ఆ ప్రశ్నల్లో దబాయింపు లేదు. జారే కళ్ళజోడు పైకి తోసుకుంటూ, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు ముందుకు వంగి అడుగుతోంది. తెచ్చుకున్న కోపం ఎక్కడ పారేసుకున్నాడో స్పానర్‌కే తెలియలేదు.

“ఇచ్చినవాళ్ళకి మీరేమైనా ఇస్తామన్నారా?”

“ఊరికే తీసుకుంటామా? తలా ఒక ఫ్రీ సర్వీసు అన్నాం. మాకూ పరువుందండీ.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “మీ కొంప ముంచింది ఆ పరువే.”

ఏమీ ఆశించకుండా అభిమానంతో ఇస్తే అది కానుక, దాని దారి వేరు అని విడమరిచి చెప్పింది. బదులుగా పని చేసిపెడతానంటే అది సంపాదనై కూర్చుంటుందట. ఊరికే పుచ్చుకోవడానికి సిగ్గుపడినందుకు పేదవాడి మెడకే ఉచ్చు బిగిసిందన్నమాట.

ఇంకా ఒక్క సర్వీసూ చేయలేదు, అదే అదృష్టం. ఇచ్చినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, సర్వీసు లేదని చెప్పాలి. కావాలన్నవాళ్ళకు డబ్బు తిరిగిచ్చేయాలి. వద్దన్నవాళ్ళ చేత, ఏమీ ఆశించకుండా ఇచ్చామని రాయించుకోవాలి. నేనూ వస్తానంది ఆమె. ఎందుకండీ అంటే, జనం అసలెందుకు ఇస్తారో చూడాలని ఉందంది.

ఇద్దరికీ ఒకటే గొడుగు. అతని భుజం తడిసింది, ఆమెది తడవలేదు. బేకరీ ఆయన తనకు అసలు బండే లేదని నవ్వి సంతకం చేశాడు. ఒక ట్యాక్సీ డ్రైవరు మాత్రం డబ్బు వెనక్కడిగాడు. స్పానర్ కళ్ళెర్రజేస్తే ఆమె మోచేత్తో పొడిచింది. ఆయనకూ ఇల్లుంది, ఇచ్చేయమంది. ఇచ్చేశాడు. నడుస్తూ ఆమె, ఇంజను చప్పుడు విని దాని జబ్బెలా కనిపెడతారని అడిగింది. ఇన్ని ప్రశ్నలు మీ ఇంట్లో ఎలా భరిస్తారని అతనడిగాడు. భరించలేకే ఉద్యోగానికి తోలారంది.

కాగితాలన్నీ పట్టుకుని హెడ్ మెకానిక్ ఇంటికి చేరారు. అన్న భార్య, వదిన, టీ ఇచ్చింది.

“అందరూ అయిపోయారు కదా?” అన్నాడు స్పానర్.

“ఇంకొకరున్నారు. నేను.” గ్యారేజీ షట్టరు మీద అంటించిన చందా కాగితం చూసి, అతనెవరో తెలియకముందే తనూ డబ్బు పంపిందట. అతను కాగితం ముందుకు జరిపాడు. ఆమె పెన్ను ముట్టుకోలేదు.

“అప్పుడైతే సంతకం పెట్టేదాన్ని. ఇప్పుడు ఏమీ ఆశించడం లేదని రాస్తే అబద్ధమవుతుంది.”

“ఫ్రీ సర్వీసా?”

“నా బండి బాగానే ఉంది.”

మంచం మీద కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్న అన్న విసుక్కున్నాడు. “ఒరేయ్, ముందా అమ్మాయి డబ్బు తిరిగిచ్చెయ్. తర్వాత అడగాల్సింది అడుగు.”

స్పానర్ జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె పుచ్చుకుంది. అంతసేపూ ప్రశ్నలన్నీ ఆమెవే. ఇప్పుడు అతనే గొంతు తగ్గించి అడిగాడు. ఆమె ఊఁ అంది. అంత చిన్న మాటకూ ఆమె కళ్ళజోడు జారింది.

పన్ను ఆఫీసు వాళ్ళు కాగితాలన్నీ తిరగేసి, ఇది కానుకేనని ఒప్పుకున్నారు. డబ్బు వదిన పేర తెరిచిన అకౌంటులోకి మారింది. అన్నను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్తుంటే, బయట బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరినీ వదిన చూసింది.

“ఆయన వేళ్ళు కదిలేదాకా ఆగండి,” అంది. “మీ పెళ్ళికి బండి ఆయనే నడపాలి.”