ఎనిమిదో గోరు

రత్నకూట మహారాజుకు కీర్తిసేనుడు ఒక్కగానొక్క కొడుకు. వేటకు వెళ్ళి, తెలియక ఘోరనఖుడనే రాక్షసుడి తోటలో అడుగుపెట్టాడు. శాపం తగిలి పాదాలు రాయైపోయాయి. ఆ రాయి రోజుకు కొంచెం చొప్పున పైకి పాకుతూ మోకాళ్ళు దాటింది. గుండెను చేరితే ఇక అంతే. పండితులు గడ్డాలు నిమురుకోవడం తప్ప చేసిందేమీ లేదు.

ఆస్థానంలో మందులు నూరే భద్రయ్యకు వకుళ అనే కూతురుంది. రాకుమారుడంటే ఆమెకు ప్రాణం. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు గాని, మనకు దాపరికమెందుకు? వకుళ నడుం బిగించి బయలుదేరింది. మూడు కీకారణ్యాలు దాటి, మొసళ్ళ నది ఈది, కొండకొమ్మున ఉన్న మునిని చేరింది.

"తల్లీ, విరుగుడు ఆ రాక్షసుడి తోటలోనే ఉంది," అన్నాడు ముని. "జ్యోతిపుష్పం రోజూ తెల్లవారగానే ఒక్క తేనెబొట్టు రాలుస్తుంది. అది మింగితే నాలుగు గోళ్ళు వెలుగుతాయి. ఏడు వెలిగితే రాయి కరగడం మొదలవుతుంది. నెల రోజులు మానకుండా ఇవ్వాలి. కానీ ఎనిమిదో గోరు నిండా వెలిగిందా, మనిషి బూడిదే!"

వకుళ తోటలో అడుగుపెట్టకుండా వాకిట్లోనే నిలబడి, ఆ మొక్కను ఇమ్మని రాక్షసుణ్ణి ధైర్యంగా అడిగింది. ఘోరనఖుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తీసుకుపో పిల్లా! ఒక బొట్టు చాలదు, రెండు చంపుతాయి. రెండూ ఒకేసారి మింగి బూడిదైనవాళ్ళను ఎందరినో చూశాను. ఎనిమిదో గోరు నిండా వెలగకుండా నెల గడిపావా, ఈ తోట నీదే!"

వకుళ వెంటనే ఇంటిదారి పట్టలేదు. ముందు తనే ఒక బొట్టు మింగి, గోళ్ళకేసి చూస్తూ కూర్చుంది. నాలుగు వెలిగాయి. మర్నాటికి రెండే మిగిలాయి. ఆ మర్నాటికి ఒకటి, ఆ పైన అరగోరు. ఒంట్లో ఉన్నది రోజు తిరిగేసరికి సగమైపోతోందన్నమాట! వకుళ పుల్లతో ఇసుకలో లెక్క గీసింది. గీసి గీసి, చివరికి చప్పట్లు కొట్టింది.

ఆమె మొక్కను కుండలో పెట్టి నెత్తిన మోసుకొచ్చేసరికి రాయి నడుము దాకా పాకింది. వినోదం చూడటానికి రాక్షసుడూ వెంటే వచ్చాడు. మొదటి బొట్టుకు రాకుమారుడి గోళ్ళు నాలుగు వెలిగాయి. మర్నాడు వకుళ రెండో బొట్టు తీసేసరికి మంత్రి అడ్డుపడ్డాడు.

"ఆగు పిల్లా! నాలుగూ నాలుగూ ఎనిమిది! మొదటిది పూర్తిగా పోనీ."

"పూర్తిగా పోయాక ఇస్తే ఎప్పటికీ నాలుగేనండీ మంత్రిగారూ! అప్పుడు రాయెలా కరుగుతుంది? ఇప్పుడు వెలుగుతున్నవి చూడండి, రెండే. నా ఒంట్లోనూ ఇలాగే తగ్గింది."

"ఇవ్వు వకుళా. నాకు భయం లేదు," అన్నాడు రాకుమారుడు.

భయమంతా వకుళకే. లెక్క తప్పితే తన చేత్తోనే అతణ్ణి చంపుకున్నట్టు. అయినా బొట్టును అతని నోట్లో వేసింది. ఆరు గోళ్ళు వెలిగాయి. మూడోనాటికి ఆరులో సగం మూడు మిగిలి, కొత్త నాలుగుతో కలిసి ఏడయ్యాయి. నడుము దగ్గర రాయి పెళ్ళున పగిలింది!

నాలుగోనాడు ఎనిమిదో గోరు సగం దాకా వెలిగింది. రాక్షసుడు పెదవులు నాక్కున్నాడు. రాణి కెవ్వున అరిచింది.

"అమ్మగారూ, కంగారు పడకండి," అంది వకుళ. "ఈ పూట ఎనిమిదికి తక్కువ ఉందా? రేపటికి అందులో సగమంటే నాలుక్కి తక్కువ. దానికి నాలుగు కలిపితే మళ్ళీ ఎనిమిదికి తక్కువే. ఎన్నాళ్ళిచ్చినా అంతే!"

రాక్షసుడు వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి లెక్క చూసుకున్నాడు. అతని మొహం మాడిపోయింది.

రోజూ ఆ వెలుగు గోటి అంచుకు ఇంకాస్త దగ్గరగా వచ్చింది, అంచును మాత్రం తాకలేదు. ముప్పయ్యోనాడు ఆఖరి రాతిపెచ్చు రాలింది. ఘోరనఖుడు తోటను వకుళకు వదిలేసి, వెనక్కి చూడకుండా పారిపోయాడు. కోటంతా జయజయధ్వానాలతో మారుమోగింది.

కీర్తిసేనుడు లేచి నిలబడ్డాడు. సింహాసనం దగ్గరికి నడుస్తాడనుకుని అందరూ దారి ఇచ్చారు. అతను మాత్రం కోట దిగి, వీధులన్నీ దాటి, తడబడే అడుగులతో తిన్నగా భద్రయ్య ఇంటికి వెళ్ళాడు, పిల్లనడగడానికి.