శవం చేతితొడుగు

"శవాలంటే భయమా నీకు?" అనడిగాడు కెప్టెన్ రొవేరో.

"బతికున్నవాళ్ళంటేనే భయం, కెప్టెన్ గారూ," అన్నాడు బస్తియానో కుఫారో.

"అయితే ఈ పని నీదే."

సిసిలీలో స్పెయిన్ రాజు పోయి సవోయ్ రాజు వచ్చి ఐదేళ్ళు. స్పెయిన్ నౌకలు మళ్ళీ బయల్దేరాయని వార్త. పలెర్మోలో స్పెయిన్ పక్షం ముఠా ఒకటి కపుచిన్ సన్యాసుల మఠం నేలమాళిగలో లేఖలు మార్చుకుంటోంది. అక్కడ గోడల వెంట, ఎండబెట్టి, పట్టుబట్టలు తొడిగి నిలబెట్టిన శవాలు. ఏ శవం దగ్గర లేఖలు దాస్తున్నారో సవోయ్ రాజు తరఫున బస్తియానో కనిపెట్టాలి.

"ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదు. సంకేతం, మల్లెలు."

సన్యాసి వేషంలో శవాలకు పట్టిన దుమ్ము దులుపుతూ బస్తియానో మూడు వారాలు గడిపాడు. చివరికి ఒక ఎడమ చేతితొడుగులో మడతపెట్టిన కాగితం దొరికింది. తలెత్తి చూస్తే, తెలిసిన ముఖం.

డాన్ లత్తాంజియో స్గదారి, ఒకప్పుడు ఊళ్ళో పెద్దమనిషి. ఏడేళ్ళ కిందట తను స్పెయిన్ కొలువులో ఉండగా, ఈయన రాజద్రోహి అని రాసి సంతకం పెట్టింది బస్తియానోనే. డాన్ జైల్లోనే పోయాడు. ఇప్పుడు ఆయన దవడ జారి, ఏదో చెప్పబోయి ఆగినట్టుంది. దులిపిన ప్రతిసారీ ఆ తల కాస్త తనవైపు తిరిగినట్టు తోచేది బస్తియానోకి. కళ్ళు మూసినా అదే ముఖం.

ఆయన భార్య దోన్నా వియోలాంతే ప్రతి శుక్రవారం వచ్చి భర్త తొడుగులు మార్చేది. ఆవిడ విసనకర్ర కింద పడితే అందివ్వడానికి ఊళ్ళో సగంమంది అధికారులు వంగేవారు. సవోయ్ అధికారులంతా జనంతో కలిసి నడిచే దివ్యప్రసాదం ఊరేగింపు నాడు మాత్రం, ఆవిడ గురువారమే వచ్చింది.

"స్వామీ, ఇవాళ మల్లెలు దొరకలేదు."

బస్తియానో చేతిలో చీపురు ఆగిపోయింది.

"కోటలో మందుగుండు కొట్టుకి ఆనుకుని బార్బరా మాత ప్రార్థన గది ఉంది. పొద్దున్నే అక్కడ కొవ్వొత్తి వెలిగించాను. దాని అడుగు సగం తుపాకిమందు. పన్నెండింటికి మంట అందుకుంటుంది. ఊరేగింపు అప్పుడు కోట గోడ కిందే ఉంటుంది."

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ముఠావాడు నా పక్కనే ఉన్నాడు. వాడు పోయాక కూడా గంటసేపు ఆలోచించాను. మా ఆయన్ని పట్టిచ్చినవాడితో మాట్లాడాలా అని."

"మీకు తెలుసా?"

"ఆ కాగితం మీద నీ సంతకం చూశాను, ఆనాడే నీ ముఖమూ చూసిపెట్టుకున్నాను. మూడు వారాలుగా నువ్వు ఆయన్ని దులుపుతుంటే కూడా చూస్తున్నాను." భర్త వేళ్ళు సర్దుతూ అంది. "పరిగెత్తు. ఆయన ఎక్కడికీ పోడు."

బస్తియానో జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు. కోట వాకిట్లో కాపలావాడు బల్లెం అడ్డం పెట్టాడు. కెప్టెన్ చెప్పి పంపిన కోట సంకేతపదం చెబితే, "స్వాములకి కూడా ఇవన్నీ నేర్పుతున్నారా?" అంటూ దారిచ్చాడు.

కొవ్వొత్తి సగం దాకా కరిగిపోయింది. బస్తియానో మంటను గుప్పిట్లో నలిపేశాడు. అరచెయ్యి కాలింది. వత్తి పీకి చూస్తే, వడ్లగింజంత మైనం కింద నల్లటి మందు. భుజం వెనక ఎవరో ఊపిరి వదిలినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. బయట పన్నెండు గంటలు మోగాయి.

నెల తిరగకుండానే స్పెయిన్ నౌకలొచ్చాయి, కోట లొంగిపోయింది. మందుగుండు కొట్టు చూసి కొత్తగా వచ్చిన స్పెయిన్ సేనాని పొంగిపోయాడు. కాపాడినవాణ్ణి పిలిపించాడు.

"ఎవరికోసం కాపాడావయ్యా ఇంత మందు?"

"రాజుగారి కోసమే, ప్రభూ," అన్నాడు బస్తియానో.

ఏ రాజని ఆయన అడగలేదు. ఇతనూ చెప్పలేదు.