ఒకే నాబ్ మీద ఇద్దరి చేతులు

గొడవ పొద్దున్నే ఆమ్లెట్ దగ్గర మొదలైంది. కూతురు పెనం మీద ఆమ్లెట్ తిరగేయబోతుంటే అమ్మ వెనకనుంచి వచ్చి అట్లకాడ లాక్కుంది. "మాడిపోతోంది, ఇటివ్వు" అంటూ తనే తిరగేసింది. నిజానికి ఏమీ మాడలేదు. రెండు ముక్కలైంది మాత్రం అమ్మ చేతిలోనే.

"చూశావా, సరిగ్గా గిలకొట్టలేదు నువ్వు," అంది అమ్మ, తప్పంతా గుడ్లదీ కూతురిదీ అన్నట్టు.

నాన్న నవ్వాపుకోలేక టీ కప్పులో మొహం దాచుకున్నాడు. ఆయన పళ్ళ డాక్టరు. ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళూ తెరిపిస్తాడు గానీ, ఇంట్లో తన నోరు మాత్రం తెరవడు. తెలివైన మనిషి.

అమ్మ చిన్న బిజినెస్ జెట్‌కి కెప్టెన్. కూతురు ఈమధ్యే అదే కంపెనీలో కో-పైలట్‌గా చేరింది, ఇంకా ప్రొబేషన్ కూడా పూర్తికాలేదు. ఆఫీసువాళ్ళు ఎక్కువ డ్యూటీలు ఇద్దరికీ కలిపే వేస్తున్నారు. ఎంత అదృష్టమోనని అమ్మ కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంది. అదృష్టం ఎవరిదని కూతుర్ని ఎవరూ అడగలేదు.

"కెప్టెన్‌గారూ," అంది కూతురు. ఇంట్లో ఆ పిలుపు వినిపించిందంటే పిల్లకి ఒళ్ళు మండుతున్నట్టే. "నన్ను వేరే కెప్టెన్ దగ్గరికి మార్చమని మేనేజర్‌ని అడిగాను. సాయంత్రంలోగా ఖాయం చేసి చెప్పమన్నారు."

అమ్మకి ముద్ద గొంతులో అడ్డం పడింది. "నాతో ఎగరడానికి ఏమొచ్చిందే నీకు?"

"నువ్వు ఎగరనిస్తేగా! నేను నొక్కాల్సిన బటన్ నువ్వే నొక్కుతావు, నేను తిప్పాల్సిన నాబ్ నువ్వే తిప్పుతావు. నేనక్కడ కో-పైలట్‌ని కాదమ్మా, ముందు సీటు దొరికిన ప్యాసింజర్‌ని."

"సాయం చేస్తే అది కూడా తప్పేనా?"

"నీ సాయానికో దండం!"

ఆ దండంతోనే ఇద్దరూ విమానం ఎక్కారు. వేరే ఊరినుంచి ఓ వ్యాపారిని ఎక్కించుకు రావాలి కాబట్టి వెళ్ళేటప్పుడు వెనకంతా ఖాళీ. కాక్‌పిట్‌లో పని మాటలు తప్ప ఇంకో మాట లేదు.

విమానం అమ్మ నడుపుతోంది. ఒకరు నడిపితే రేడియో, ట్రాన్స్‌పాండర్ రెండోవాళ్ళు చూసుకోవాలి. ట్రాన్స్‌పాండర్ అంటే కింద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ తెర మీద 'ఈ చుక్క మేమే' అని చెప్పే పరికరం. ఆయన ఇచ్చిన నాలుగంకెల కోడ్ అందులో పెట్టాలి. అన్ని కోడ్‌లూ ఒకటి కాదు. ఏడు ఏడు సున్నా సున్నా పెడితే 'ఆపదలో ఉన్నాం, కాపాడండి' అని కేక వేసినట్టే.

ఇంకా పైకి ఎక్కుతుండగానే కంట్రోలర్ కోడ్ మార్చమన్నాడు. ఏడు ఏడు ఒకటి సున్నా. కూతురు అంకెలు తిరిగి అప్పజెప్పి, నాబ్ మీద చేయి వేసింది. ఆ పిల్లది నిదానం. అంకెలు ముందు పక్క గడిలో పెట్టుకుంటుంది, ఒకసారి సరిచూసుకుంటుంది, అప్పుడే అవి అసలు గడిలోకి వెళ్ళేలా బటన్ నొక్కుతుంది.

ఆ నిదానమే అమ్మకి పడదు. ఎంతసేపమ్మా అనుకుందో లేదో, ఆమె కుడిచేయి దానంతటదే వెళ్ళి కూతురి వేళ్ళ మీద పడింది. ఒక్క తిప్పు, ఒక్క నొక్కు. చూస్తే, ఏడు ఏడు సున్నా సున్నా!

"మీకేమైనా ఆపదా? వెంటనే చెప్పండి!" కంట్రోలర్ గొంతు మారిపోయింది.

అమ్మ చేయి ఇంకా నాబ్ మీదే ఉంది. కూతురు అమ్మ మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తీసి అమ్మ ఒళ్ళోనే పెట్టింది. అంకెలు సరిచేసింది, చూసుకుంది, నొక్కింది. "ఆపదేమీ లేదండీ. పొరపాటున పడింది. ఇప్పుడు సరైన కోడ్ పెట్టాం."

తెర మీద తమ చుక్క మెరిసేలా చేసే గుర్తు బటన్ నొక్కమన్నాడు కంట్రోలర్. నొక్కింది. "కనిపిస్తున్నారు, థాంక్యూ," అన్నాడాయన, ఊపిరి వదులుతూ.

కూతురి వేళ్ళు ఎక్కడా తడబడలేదు. తడబడిందల్లా అమ్మ చేయే. అది తలుచుకుని ఆమెకి సిగ్గేసింది, ఆ వెనకే కూతుర్ని చూసి గర్వమూ కలిగింది.

"దీనికి రిపోర్ట్ ఇవ్వాలి," అంది అమ్మ మెల్లిగా, విమానం పైకి వెళ్ళి స్థిమితపడ్డాక.

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తెలుసు. నా పేరు మీదే పడుతుంది. ట్రాన్స్‌పాండర్ నా పని కదా. ప్రొబేషన్‌లోనే మచ్చ."

"పని నీదైనా చేయి నాది. దిగగానే నేనే చెప్తాను." అమ్మ కూతురి వైపు తిరిగింది. "పడిపోతావేమోనని పట్టుకోవడం అలవాటైపోయిందే. నీకు నడవడం వచ్చిన సంగతే మర్చిపోయాను. నువ్వు ఏ కెప్టెన్ దగ్గరికైనా వెళ్ళు, నేను అడ్డు చెప్పను."

దిగీ దిగగానే నాన్న ఫోను. విమానాల యాప్‌లో వీళ్ళ గుర్తు ఎర్రగా మారడం చూశాడట. "ఇద్దరూ బాగున్నారా? ఇక్కడ పేషెంటు నోరు తెరిచే ఉన్నాడు, నేను కుర్చీ చుట్టూ తిరుగుతున్నాను!"

"ఇంక నోరు మూసుకోమనండి పాపం!" అని అమ్మ నవ్వింది. తర్వాత కూతురి ఎదుటే మేనేజర్‌కి ఫోన్ చేసింది. "తప్పు పూర్తిగా నాదండీ. సరిదిద్దింది మా అమ్మాయి."

తిరుగు ప్రయాణంలో నడపమని విమానం కూతురికి అప్పగించింది. ట్రాన్స్‌పాండర్ ఇప్పుడు అమ్మ పని. పైకి ఎక్కుతుండగా కొత్త కోడ్ వచ్చింది. అమ్మ, బుద్ధిగా కళ్ళజోడు సర్దుకుని, కూతురు చేసినట్టే ఒక్కో అంకె పక్క గడిలో పెట్టసాగింది.

ఇంతలో కుడిపక్క నుంచి ఓ చేయి నాబ్ వైపు వచ్చేసింది. "అబ్బా, ఎంతసేపమ్మా..."

చేయి గాల్లోనే ఆగిపోయింది. అమ్మ దాన్ని చూసింది. తర్వాత దాని సొంతదారుని చూసింది.

"ఈ చేయి ఎవరిదే?"

"నీ కూతురిదే," అంది పిల్ల, చెవులదాకా ఎర్రబడి.

అమ్మ పెదవి కొరుక్కుంటూ కోడ్ సరిచూసి నొక్కింది. విమానం పైకి చేరి స్థిమితపడేదాకా ఇద్దరూ నవ్వు ఎలా బిగబట్టుకున్నారో గానీ, ఆ తర్వాత నవ్వారు చూడండి! వెనక కునుకు తీస్తున్న వ్యాపారి ఉలిక్కిపడి లేచాడు.

సాయంత్రం కూతురు మేనేజర్‌కి ఫోన్ చేసింది. "మార్పు వద్దండీ. నేను అమ్మ దగ్గరే ఉంటాను."

"బాగా ఆలోచించుకున్నావా? ఇంతకీ మీలో ఎవరు ఎవర్ని భరిస్తున్నారమ్మా?" అన్నాడాయన.

"వంతులేసుకున్నామండీ," అంది కూతురు.